రేపటి లోకము ఎవరి చేతిలో?

బొమ్మల కథలనగానే మన పఠనమందిరములలోని పెద్దలు కొందరు పెదవి విరచుదురు. అవి పిల్లల యాటవస్తువులనియు, పనిలేనివారి కాలక్షేపమనియు, గ్రంథాలయపు బల్లమీద నుంచదగినవి కావనియు వారి యభిప్రాయము. ఆ బొమ్మల కథలలోను అంతరిక్షనౌకలు, యంత్రపురుషులు, అన్యగ్రహవాసులు కనబడినచో నిక జెప్పనక్కరలేదు. గోరంత శాస్త్రమునకు కొండంత బూటకము చేర్చిన వ్రాతలని త్రోసివేయుదురు.

ఈ తిరస్కారము తొందరపాటు తీర్పని మా మనవి. సాక్ష్యము వినక తీర్పు చెప్పుట న్యాయస్థానమున నెంత దోషమో, సాహిత్యమునను అంతే దోషము. జాతి తన గతమును చరిత్రలో వ్రాసికొనును. రేపటిని గూర్చి తనకుగల భయమును, ఆశను మాత్రము కథలలోనే వ్రాసికొనును. పండితుడు చదువు గ్రంథములో నా భయము ముసుగు వేసికొని యుండవచ్చును గాని, పిల్లవాడును కూలివాడును కాని డబ్బిచ్చి కొను బొమ్మల కథలో నది నగ్నముగా గానబడును. కావున ఏ జాతి మనస్సున నేమి యున్నదో తెలిసికొనగోరువాడు ఆ జాతి బొమ్మల కథలను జూడక తప్పదు.

వైజ్ఞానిక కల్పనలను బొమ్మల కథలుగా రచించినవారు పెక్కండ్రు కలరు. వారిలో నెవరు గొప్పవారని యువకులు వాదించుకొనుచుండుట మేమెరుగుదుము. ఒకరు యంత్రముల వింతను జూతురు. మరియొకరు అమ్ముడుపోయిన ప్రతుల సంఖ్యను జూతురు. ఇంకొకరు ఎవరి కథ సినిమాకెక్కెనో జూతురు. మా గీటురాయి వేరు. ఈ రచయిత రేపటి లోకమును ఎవరి చేతిలో బెట్టెను? ఎవరిని జూచి భయపడుమని పాఠకునకు నేర్పెను? ఈ రెండు ప్రశ్నలు వేసి, నాలుగు దేశములకు జెందిన యైదుగురు రచయితలను ఒకరి ప్రక్క నొకరిని నిలిపి చూతము. వీరి కథలకు బొమ్మలు గీసిన చిత్రకారుల పాలు తక్కువది కాదు. అయినను నేటి విచారణ కథను గూర్చియే గనుక రచయితలకే పరిమిత మగుచున్నాము.

మొదటివాడు అమెరికా దేశస్థుడగు ఫిలిప్ నౌలన్. ఈయన 1928 ఆగష్టులో 'అమేజింగ్ స్టోరీస్' అను పత్రికలో 'ఆర్మగెడాన్ 2419' అను కథను వ్రాసెను. 1929 జనవరి 7వ తేదీ మొదలు అదియే 'బక్ రోజర్స్' అను పేరుతో, డిక్ కాల్కిన్స్ గీసిన బొమ్మలతో దినపత్రికలలో వరుసగా వెలువడెను. వైజ్ఞానిక కల్పనకు దినపత్రికలో నిలకడయైన చోటు సంపాదించి పెట్టినవాడు నౌలన్ అనుట న్యాయము. సామాన్య గృహస్థుడు ఉదయమున పత్రిక విప్పి అంతరిక్షయానమును గూర్చి చదువుకొనుట ఆయనతోనే యలవాటయ్యెను. ఆ ఘనతను మేము కాదనము.

అయితే ఆ కథయందేమి యున్నది? గనిలో జిక్కి, వాయుప్రభావమున నిద్రలో మునిగిన యొక అమెరికా యువకుడు సుమారు ఐదువందల యేండ్లకు మేల్కొనును. అప్పటికి వాని దేశము పరాధీనమై యుండును. ఆసియా ఖండమునుండి వచ్చిన 'హాన్' జాతివారు ఆకాశనౌకలపై దిరుగుచు ఏలుచుందురు. దేశస్థులు అడవులలో దాగి, గుంపులు గూడి, తిరుగుబాటునకు సిద్ధపడుచుందురు. పరపాలన యెట్టిదో యెరిగిన మనకు ఇంతవరకు ఈ కథ యెంతయు నచ్చవలసినదే. కాని నౌలన్ కోరిన స్వాతంత్ర్యము పరపాలన తొలగుటతో ముగియదు. 1929లో వ్రాసిన రెండవ కథలో ఆ జాతినే సమూలముగా నాశనము చేసి గాని ఆయన కలము నిలువలేదు. పాలకుని ద్వేషించుటకును, పాలకుని జాతిని ద్వేషించుటకును గల భేదమును ఆయన యెరుగడు. మన స్వరాజ్యోద్యమము ఆ భేదముపైననే నిలిచినదని పాఠకులకు వేరుగ జెప్పనక్కరలేదు.

ఈ భయము నౌలన్ యొక్కని సృష్టి యనుట యన్యాయ మగును. ఆయన దేశపు సుప్రీముకోర్టు 1923లో, అమెరికా సైన్యమున పనిచేసిన పంజాబీయుడగు భగత్ సింగ్ థిండ్ 'తెల్లవాడు' కాడనియు, కావున నాదేశపు పౌరుడు కాజాలడనియు తీర్పు చెప్పెను. మరుసటి సంవత్సరము వచ్చిన వలసల చట్టము ఆసియా వారికి తలుపులు మూసెను. ఆ గాలి పీల్చిన రచయిత రేపటి లోకమున ఆసియా వానిని రాక్షసునిగా జూపుటలో వింత లేదు. వింత లేకపోవుటయే ఆయనలోని లోపము. ఐదువందల యేండ్ల యవతలకు బోయియు ఆయన తన వీధిలోని భయమునే చూచెను. 1934 జనవరిలో ఆరంభమైన 'ఫ్లాష్ గార్డన్' కథలోని క్రూరచక్రవర్తి మింగును ఈ భయపు సంతానమే.

రెండవవాడు ఆ దేశస్థుడే, ఆల్ ఫెల్డ్‌స్టీన్. 1950లో విలియం గెయిన్స్ అను ప్రచురణకర్తతో గలసి ఈయన 'వియర్డ్ సైన్స్', 'వియర్డ్ ఫాంటసీ' అను పత్రికలను నడిపెను. వానిలోని కథలు పొట్టివి. ఒక్కొక్కటి కొలది పుటలలో ముగియును. చివర నొక కొరడా దెబ్బ యుండును. ఫెల్డ్‌స్టీన్ కథలన్నియు నుత్తమములు కావు. ఆయన పత్రికలు మొదట రే బ్రాడ్‌బరీ కథలను అనుమతి లేకయే వాడుకొనినవి. ఆ రచయిత కోపింపక, 'మీరు నాకు పంపవలసిన ఏబది డాలర్లు పంపుట మరచినట్లున్నారు' అను భావముతో మర్యాదగా నుత్తరము వ్రాసి, సొమ్ము రాబట్టుకొనెను. పిమ్మట ఉభయుల యంగీకారముతోనే ఆ కథలు వెలువడెను. వ్యాజ్యములేని పరిష్కారమునకు ఇంతకన్న మంచి యుదాహరణము అరుదు.

ఆ ఫెల్డ్‌స్టీన్ 1953లో 'జడ్జిమెంట్ డే' అను కథ వ్రాసెను. జో ఓర్లాండో బొమ్మలు గీసెను. భూమినుండి ఒక ప్రతినిధి, యంత్రపురుషులు నివసించు గ్రహమునకు బోవును. ఆ గ్రహము మహారాజ్యకూటమిలో జేరదగునా కాదా యని పరీక్షించుట ఆయన పని. అక్కడి యంత్రపురుషులు కొందరు నారింజవర్ణమువారు, కొందరు నీలవర్ణమువారు. లోపలి యంత్రమంతయు నొక్కటియే. పైపూత మాత్రమే వేరు. అయినను నీలవర్ణమువారికి వేరు వాడ, బండిలో వెనుకచోటు, తక్కువ పని. ప్రతినిధి చూడవలసినదంతయు చూచి, మీకింకను అర్హత రాలేదని చెప్పి నౌకనెక్కును. అప్పుడాయన ముఖకవచమును దీయును. ఆయన నల్లజాతివాడు. కథ అంతటితో సరి. ఉపన్యాసము లేదు.

1953 నాటికి అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లపిల్లలు తెల్లపిల్లలతో నొక బడిలో గూర్చుండుటకు వీలులేదు. ఆ బడులలోని వేర్పాటు రాజ్యాంగవిరుద్ధమని అక్కడి సుప్రీముకోర్టు తీర్పిచ్చినది 1954 మే నెలలో. కోర్టు తీర్పునకు ముందే ఒక కాని డబ్బు పత్రిక తన తీర్పు చెప్పియుండెను. 'బండిలో వెనుకచోటు' అను మాట చదువునప్పుడు అంటరానితనమను పాపమును మోయుచు వచ్చిన మనము తల దించుకొనక తప్పదు. పైపూత భేదమును మనమును వేల యేండ్లు శాస్త్రమని పిలిచితిమి.

ఈ కథకు వెనుక నింకొక కథ గలదు. 1954లో బొమ్మల పుస్తకములు బాలురను చెడగొట్టుచున్నవని అమెరికాలో పెద్ద యలజడి బయలుదేరెను. ఏప్రిలులో శాసనసభ ఉపసంఘము విచారణ జరిపెను. గెయిన్స్ స్వయముగా సాక్ష్యమిచ్చెను. ప్రభుత్వము చట్టము చేయలేదు. ప్రచురణకర్తలే యొక సంఘముగా జేరి నియమావళి వ్రాసికొనిరి. ఆ సంఘపు ముద్ర లేని పుస్తకమును దుకాణములకు జేర్చు టోకువర్తకులు ముట్టుకొననందున, చట్టము చేయలేని పని ముద్ర చేసెను. 1910 నాటి ప్రెస్సుచట్టము క్రింద ధరావతు కట్టుచు, పోగొట్టుకొనుచు పత్రికలు నడిపిన మన పెద్దలకు ప్రభుత్వపు సంకెల యెట్టిదో తెలియును. ఈ సంకెలను మాత్రము వర్తకులు తమ చేతులతో తామే పోతపోసికొనిరి. అది మరింత బిగువైనది.

1956లో 'జడ్జిమెంట్ డే' కథను మరల ముద్రింపబోగా, పూర్వము మెజిస్ట్రేటుగా నుండిన ఆ సంఘాధికారి, చివరి బొమ్మలోని మనిషి నల్లవాడుగా నుండరాదని ఆక్షేపించెను. కథకు ప్రాణమే యది గదా! ఫెల్డ్‌స్టీన్, గెయిన్స్ ఇరువురును లొంగలేదు. వ్యవహారమును బయటబెట్టుదుమని నిలిచిరి. కథ యున్నదున్నట్లుగా వెలువడెను. ఆ సంస్థ వెలువరించిన బొమ్మలకథల పుస్తకములలో నదియే కడపటిది. ఒక్క బొమ్మను మార్చి వ్యాపారము నిలుపుకొనుటకన్న, బొమ్మను నిలుపుకొని రంగమును విడుచుట మేలని వారు తలచిరి. నౌలన్ తన దేశపు భయమును రేపటికి మోసికొనిపోగా, ఫెల్డ్‌స్టీన్ రేపటినుండి న్యాయాధిపతిని దెచ్చి తన దేశమును బోనులో నిలిపెను.

మూడవవాడు జపానీయుడగు ఒసాము తెజుకా. వైద్యము చదివి, వైద్యము చేయక బొమ్మల కథలు వ్రాసినవాడు. కథయు బొమ్మయు రెండును ఆయనవే. 1945లో ఒసాకా నగరముపై బాంబులు కురియుటను కన్నులార చూచినవాడు. 1951లో 'షోనెన్' అను బాలుర మాసపత్రికలో ఆయన 'అటమ్' అను యంత్రబాలుని సృష్టించెను. మరుసటి యేడు మొదలు 1968 వరకు ఆ బాలుని కథలు సాగెను. హిరోషిమా, నాగసాకి కాలి యింకను ఆరేండ్లు కాలేదు. జపాను 1952 ఏప్రిలు 28 వరకు విదేశసైన్యముల యధీనములో నుండెను. అట్టి దేశమున పిల్లలకు ప్రియమైన బాలునికి 'పరమాణువు' అని పేరు పెట్టుటకు ఎంత నిబ్బరము కావలెనో ఆలోచింపుడు.

అటమ్ పుట్టుకయే దుఃఖమయము. ప్రమాదమున కుమారుని గోల్పోయిన యొక శాస్త్రజ్ఞుడు వాని పోలికతో యంత్రబాలుని జేయును. వాడు పెరుగడని తెలిసికొని, కోపించి, సర్కసువానికి అమ్మివేయును. మరియొక దయగల ఆచార్యుడు వానిని విడిపించును. మొదటి కథలో, మన భూమివంటిదే యగు మరియొక భూమినుండి మనవంటివారే దిక్కులేక వచ్చి చేరుదురు. తిండి చాలక యిరుపక్షములవారికి వైరము పుట్టును. ఈ పక్షమువాడును ఆ పక్షమువాడును గాని యంత్రబాలుడే మధ్యవర్తియై సంధి కుదుర్చును. యుద్ధమున ఓడి, తిండికి తడుముకొనుచున్న దేశములో వ్రాసిన కథ యిది. అందు శత్రువునకు రాక్షసముఖము లేదు. శత్రువు ముఖము మన ముఖమే. ఇదే తెజుకా నౌలన్‌కు జెప్పిన సమాధానమని మా తలంపు.

తరువాతి కథలలో అటమ్ మనుష్యులకు సేవచేయును, వారిచేత అవమానముల బొందును, అయినను వారిని రక్షించును. యంత్రపురుషులకు హక్కులు గలవా, పనిచేయుటకే పుట్టినవానికి ప్రాణమున్నదా అను ప్రశ్నను తెజుకా పిల్లలకు బోధించెను. ఇది సామాన్యమైన దానము కాదు. ఆయన లోపము నొకదానిని మాత్రము చెప్పక తప్పదు. అటమ్ మంచివాడగుటచేత ఆతనికి న్యాయము దొరకవలెనని పాఠకుడు కోరును. మంచివాడు కాని సేవకునికి హక్కు లేదా? విధేయతను బట్టి వచ్చు హక్కు హక్కు కాదు, బహుమానము. బహుమానములకును హక్కులకును గల తారతమ్యమును మన దేశము దర్ఖాస్తుల కాలమునుండి స్వరాజ్య తీర్మానమువరకు నడచి నేర్చుకొనినది.

నాలుగవవాడు ఇంగ్లండునందలి '2000 ఏ.డి.' అను వారపత్రికలో వ్రాసిన జాన్ వాగ్నర్. ఆ పత్రిక 1977 ఫిబ్రవరిలో పుట్టెను. రెండవ సంచికలో 'జడ్జి డ్రెడ్' అను పాత్ర ప్రవేశించెను. దాని రూపమును చిత్రించినవాడు కార్లోస్ ఎజ్‌క్వెర్రా అను స్పెయిను దేశస్థుడు. అణుయుద్ధము తరువాత మిగిలిన యొక మహానగరము, కోట్లకొలది జనము, చాలమందికి పనిలేదు. అచ్చట పోలీసువాడును, న్యాయాధిపతియు, తలారియు నొక్కడే. వీధిలో బట్టుకొని, వీధిలోనే విచారించి, వీధిలోనే శిక్ష వేయును. వకీలు లేడు, పంచాయతీ లేదు, అప్పీలు లేదు.

ఈ కథను జదివినప్పుడు న్యాయవాదికి కలుగు చలి యితరులకు గలుగకపోవచ్చును. పట్టుకొను చేతిని, తీర్పుచెప్పు నోటిని వేరుచేయుమని కాంగ్రెసు మహాసభ తన తొలి సంవత్సరములనుండి కోరుచు వచ్చెను. కలెక్టరే మెజిస్ట్రేటుగా గూర్చున్న కచేరీలో ముద్దాయిగా నిలిచిన స్వచ్ఛంద సేవకునకు ఆ కోరికయొక్క విలువ తెలియును. అందుచేతనే మన రాజ్యాంగమునందు 50వ అధికరణముగా ఆ సూత్రము చోటు చేసికొనెను. ఆ గోడను పడగొట్టినచో నెట్టి నగరము నిలుచునో వాగ్నర్ చూపెను. ఆ నగరమున స్వాతంత్ర్యదేవత విగ్రహము ప్రక్కనే దానికన్న నెత్తైన న్యాయాధిపతి విగ్రహము నిలిచియుండును. ఒక్క బొమ్మలో నొక రాజనీతి గ్రంథము!

వాగ్నర్ రచనలో నొక ప్రమాదము దాగియున్నది. డ్రెడ్ ధైర్యవంతుడు, లంచగొండి కాడు, అలసట యెరుగడు. బాలురు వానిని వీరునిగా మెచ్చుకొందురు. ఎద్దేవా చేయబూనినవాడే ఆరాధ్యుడగుచున్నాడని రచయిత యెరుగకపోలేదు. 1990లో కోలిన్ మెక్‌నీల్ బొమ్మలతో ఆయన వ్రాసిన 'అమెరికా' అను కథ దానికి సమాధానము. అమెరికా యనునది యొక వలసకుటుంబపు బాలిక పేరు. తండ్రి యాశతో పెట్టిన పేరది. ఆమె ప్రజాపాలన కోరును. కోరిక యణచివేయబడగా ఆయుధము బట్టును. న్యాయాధిపతుల తుపాకులకు బలియగును. 'క్రమశిక్షణకై యొక గట్టి మనిషి కావలెను' అని మన వీధి యరుగులమీద గూడ అప్పుడప్పుడు వినబడు మాట గలదు. ఆ మాట యనువారు ఈ కథ నొకసారి చదువవలెను. వాగ్నర్ చేసినది గొప్ప హెచ్చరిక. కాని ఆయన కథలలో ప్రజలు వెర్రివేడుకలలో మునిగిన గుంపుగనే తరచుగా గానబడుదురు. రోగమును ఆయనవలె నిర్ణయించినవారు లేరు. మందు మాత్రము చెప్పలేదు.

ఇక నైదవవాడు, అర్జెంటీనా దేశస్థుడగు హెక్టర్ జెర్మాన్ ఓస్టర్‌హెల్డ్. 1919లో బ్యూనస్ ఐరిస్‌లో జన్మించి, భూగర్భశాస్త్రము చదివి, రచనలోనికి దిగినవాడు. 1957లో సోదరునితో గలసి స్వంత ప్రచురణసంస్థను స్థాపించెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన వారి వారపత్రికలో, సొలానో లోపెజ్ బొమ్మలతో, 'ఎల్ ఎటెర్నాటా' అను కథ ఆరంభమై 1959 వరకు సాగెను. ఆ తేదీనే అర్జెంటీనాలో బొమ్మల కథల దినముగా నేటికిని జరుపుకొనుచున్నారు.

కథ యెక్కడ ఆరంభమగును? ఒక నగర శివారు ఇంటి మేడగదిలో నలుగురు మిత్రులు రాత్రివేళ పేకాడుకొనుచుందురు. బయట మంచు కురియును. ఆ మంచు తాకినవాడు తాకినట్లే చచ్చును. గృహస్థుడు హ్వాన్ సాల్వో, మిత్రుడగు ఫిజిక్సు ఆచార్యుడు ఫవాల్లి, ఇంట దొరకిన వస్తువులతోనే శరీరమంతయు గప్పు దుస్తును కుట్టుకొని బయటికి వత్తురు. ఇరుగుపొరుగువారు చేరుదురు. కార్ఖానా పనివాడు ఫ్రాంకో చేరును. సైనికులు చేరుదురు. ఫుట్‌బాలు క్రీడాస్థలమే కోటయగును. యుద్ధము జరుగునది న్యూయార్కులో గాదు, లండనులో గాదు. చదువరి ప్రతిదినము నడచు వీధులలో.

శత్రువు నిర్మాణమును ఓస్టర్‌హెల్డ్ కల్పించిన తీరు మరింత గమనింపదగినది. మొదట దాడిచేయునవి పెద్ద పురుగులు. వానిని నడుపువారు 'చేతులు' అను మరొక జాతివారు. ఆ చేతులవారును స్వతంత్రులు కారు. భయపడిన తోడనే విషము చిమ్మి చంపు గ్రంథి నొకదానిని వారి దేహములలో బెట్టి, అసలు యజమానులు వారిని బానిసలుగా జేసికొనియుందురు. ఆ యజమానులకు 'వారు' అనియే పేరు. కథ పొడుగునను వారి ముఖము కనబడదు. పట్టుబడిన మనుష్యులను గూడ యంత్రము తగిలించి తమవారిపైకే తోలుదురు. సామ్రాజ్యమన నెట్టిదో ఇంతకన్న తేటగా జెప్పిన కథను మేమెరుగము. మనలను గొట్టిన లాఠీ పట్టినచేయి మన సోదరునిదే. వానికి జీతమిచ్చి భయమును నింపినవాడు వేరు. వాని యజమాని సముద్రముల కవతల నుండెను. కొట్టినవానిలోను బానిసను గుర్తించి జాలిపడుట నౌలన్‌కు సాధ్యము కాలేదు. చావబోవు 'చేతి'వాని పట్ల జాలి పుట్టించుట ఓస్టర్‌హెల్డ్‌కు సాధ్యమైనది.

తన కథకు నిజమైన నాయకుడు ఒక వ్యక్తి కాడనియు, జనసమూహమే నాయకుడనియు ఆయన తరువాత వివరించెను. బక్ రోజర్స్ నిద్రలేచి రాకున్న అమెరికాకు విముక్తి లేదు. అటమ్ ఎగిరిరాకున్న నగరమునకు రక్ష లేదు. హ్వాన్ సాల్వో మాత్రము పొరుగువారు లేనిదే మొదటి రాత్రి దాటలేడు.

ఓస్టర్‌హెల్డ్ జీవితము కథను మించిన విషాదము. 1969లో అల్బెర్టో బ్రెచ్చియా బొమ్మలతో ఆ కథనే మరల వ్రాసెను. ఈమారు పెద్దరాజ్యములు తమ రక్షణకై దక్షిణ అమెరికాను శత్రువునకు ధారపోసినట్లు చూపెను. ప్రచురించిన పత్రికవారు దానిని సాగనీయక త్వరగా ముగింపజేసిరి. తరువాత ఆయన మోంతొనెరోలను సాయుధదళమున జేరెను. 1976 మార్చి 24న సైన్యము ప్రభుత్వమును స్వాధీనము చేసికొనెను. 1977 ఏప్రిలులో ఓస్టర్‌హెల్డ్‌ను పట్టుకొనిపోయిరి. ఆయన మరల రాలేదు. ఆయన నలుగురు కుమార్తెలును ఆ 1976, 77 సంవత్సరములలోనే ఆ ప్రభుత్వమునకు బలియైరి. వారిలో నిద్దరు గర్భవతులు. భార్య ఎల్సా ఇద్దరు మనుమలతో మిగిలెను. ప్లాసా దె మాయో కూడలిలో మనుమల జాడ కోరుచు నిలిచిన అవ్వలతో గలసి, 2015లో మరణించువరకు ఆమె న్యాయము నడిగెను.

ఈ వృత్తాంతము విని కన్నీరు నించి, ఆయనయే శ్రేష్ఠుడని తీర్పుచెప్పుట సులభము. అట్టి తీర్పు మాకు సమ్మతము కాదు. త్యాగమునకు నమస్కరింతుము, సాహిత్యమును సాహిత్యముగనే తూచుదుము. సాయుధమార్గము మా మార్గము కాదని వేరుగ జెప్పనక్కరలేదు. ఆ మార్గము ఆయన కలమునకేమి చేసెనో 1976లో అజ్ఞాతవాసమున నుండి వ్రాసిన రెండవ భాగమే సాక్ష్యము చెప్పును. అందు సాల్వో అద్భుతశక్తులుగల దండనాయకు డగును. గమ్యము కొఱకు తనవారినే బలియిచ్చును. మేడగదిలో పేకాడిన గృహస్థుడు మాయమయ్యెను. పొరుగువారు సైనికులై ఆజ్ఞల నందుకొందురు. జనసమూహమే నాయకుడన్న రచయిత చేతిలోనే జనసమూహము నాయకుని వెనుకకు బోయెను. మేము మొదటి స్థానమిచ్చునది 1957లో ఆరంభమైన కథకు. ఆయన మరణింపకయున్నను, ఎనుబదియేండ్లు సుఖముగా జీవించియున్నను, ఆ కథకా స్థానమే యిచ్చియుందుము.

మొత్తముమీద మా తీర్పిది. నౌలన్ ద్వారము తెరచెను గాని దానిగుండా ద్వేషమును లోనికి రానిచ్చెను. ఫెల్డ్‌స్టీన్ తన దేశమునకు అద్దము పట్టి, ఆ యద్దమును పగులగొట్టుటకు ఒప్పుకొనలేదు. తెజుకా ఓడినజాతి పిల్లలకు ద్వేషము నేర్పక దయ నేర్పెను. వాగ్నర్ స్వేచ్ఛలేని న్యాయము ఎంత భయంకరమో చూపెను. ఓస్టర్‌హెల్డ్ రేపటి లోకమును వీరుని చేతినుండి దీసి వీధివారి చేతిలో బెట్టెను. అందుచేత ఆయన మొదటివాడు. ఒక్క కథకే గాని, ఫెల్డ్‌స్టీన్ ఆయనకు దాపున నిలుచును.

మన పఠనమందిరముల కార్యదర్శులకు ఒక విన్నపము. 1914లో బెజవాడలో మన గ్రంథాలయప్రతినిధులు తొలిసారి సమావేశమైనప్పుడు, పుస్తకము పండితుని సొత్తు కాదు, ప్రజల సొత్తు అను నుద్దేశ్యముతోనే సమావేశమైరి. ఆ యుద్దేశ్యమునకు బొమ్మల పుస్తకము విరోధి కాదు. మంచిదానిని చెడ్డదానినుండి వేరుచేసి బల్లమీద నుంచుడు. పిల్లవాడు చదివినదానిని పెద్దవారును చదివి, వానితో వాదింపుడు.

మన యువరచయితలకు ఒక మాట. ఎటెర్నాటా కథను 2025లో తెరమీద జూచి మెచ్చుకొనినవారు లోకమున లక్షలు గలరు; మెచ్చుకొని యూరకుండుట చాలదు. ఓస్టర్‌హెల్డ్ వద్ద నేర్చుకొనవలసినది మంచుగాదు, పురుగులు గావు. ఆపద యెప్పుడును న్యూయార్కులోనే దిగవలెనని నియమము లేదు. రేపటి కథ మన వీధిలో జరుగవచ్చును. కృష్ణ యొడ్డున, గోదావరి గట్టున, బందరు రేవున, వరంగల్లు కోటలో జరుగవచ్చును. అట్లు జరుగునప్పుడు మన కథలో తలుపు తట్టిన పొరుగువానిని లోనికి బిలుతుమా, వాని పైపూత జూచి తలుపు వేయుదుమా? రేపటిని గూర్చి వ్రాయబూనిన ప్రతి తెలుగు కలమును ముందుగా సమాధానము చెప్పవలసిన ప్రశ్న అదియే.